యలవర్తి నాయుడమ్మ

కృష్ణా కాలువల నీరు పారెడి తెనాలి ప్రాంతము మాగాణి సీమ. అచట పుట్టిన బాలుడు పెద్దవాడై వరిపొలమునో వ్యాపారమునో చూచుకొనుట సహజము. చదువుకొనిన యెడల వకీలో, వైద్యుడో, సర్కారు ఉద్యోగియో యగుటయు సహజమే. తోళ్ళను పదును చేయు విద్యను నేర్వవలెనను తలంపు మాత్రము ఆ కాలమున ఎవ్వరికిని కలుగదు. తోలుపని యనగానే చదువుకొన్నవారు ముక్కు మూసికొనెడి దినములవి. ఆ పనిని తరతరములుగ చేయుచు వచ్చినవారిని ఊరి వెలుపలనే యుంచిన సమాజమది. అట్టి కాలమున ఒక రైతుకుటుంబమున పుట్టిన యువకుడు తోళ్ళ శాస్త్రమునే తన జీవితమార్గముగ ఎన్నుకొనెను. అతడే యలవర్తి నాయుడమ్మ.

నాయుడమ్మగారు 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, అప్పటి గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువనున్న యలవర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి అంజయ్య, తల్లి రాఘవమ్మ. నాయుడమ్మ యను పేరు మన ప్రాంతమున పురుషులకును కలదు గాని, ఉత్తరదేశమువారికి అది వింతగ తోచును. ఆయన బాల్యమును గురించి విస్తరించి చెప్పవలసినది లేదు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చేరిరి. అప్పుడు ఆ విద్యాలయమునకు సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు ఉపాధ్యక్షుడు. రసాయనశాస్త్రమును పరిశ్రమలకు ఉపయోగపడు రీతిని బోధించు శాఖ ఆనాడు మన దేశమున అరుదు. కాశీలో అది యుండెను. నాయుడమ్మగారు ఆ పారిశ్రామిక రసాయనశాస్త్రములోనే పట్టము పొందిరి.

పట్టము చేతికి వచ్చిన పిదప ఆయన మద్రాసులోని తోళ్ళ సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశించిరి. అచట ఆయన కంటబడిన సమస్య యేదో తెలిసికొనుటకు ముందు, తోలు పదును చేయుట యన నేమో కొంచెము తెలియవలెను. పచ్చితోలు రెండు మూడు దినములు నిలిచిన క్రుళ్ళును. ఉప్పు పట్టించి ఆరబెట్టిన కొంతకాలము నిలుచును గాని, తడిసిన మరల క్రుళ్ళును. ఎండిన కట్టెవలె బిరుసెక్కును. దానిని సున్నపు నీట నానవేసి, వెండ్రుకలు గీకి, లోవైపున అంటియున్న కండను తీసివేసి, తంగేడు చెక్క, కరక్కాయ మున్నగువానిని ఊరవేసిన నీటిలో వారముల తరబడి ఉంచవలెను. అప్పుడది నీటికి చెడని మెత్తని తోలగును. ఇది అనుభవము నేర్పిన విద్య. తాత చేసినట్లు తండ్రియు, తండ్రి చేసినట్లు కుమారుడును చేయుచు వచ్చిరి. అయితే చెక్కరసము తోలులో చొచ్చినపుడు లోపల జరుగున దేమి? ఒక గుంటలోని తోలు చక్కగ వచ్చి, ప్రక్క గుంటలోనిది మరకలతో వచ్చుటకు కారణమేమి? ఈ ప్రశ్నలకు కార్ఖానాలో ఉత్తరము చెప్పువాడు లేడు. ఉత్తరము చెప్పగల రసాయనశాస్త్రజ్ఞుడు కార్ఖానా గడప త్రొక్కడు. ఒకరి చేతిలో పనియు, వేరొకరి చేతిలో శాస్త్రమును ఉండి, నడుమ గోడ నిలిచియుండెను. ఆ గోడలో వాకిలి తెరచుటయే నాయుడమ్మగారు జీవితమంతయు చేసిన పని.

ఉన్నతవిద్యకై ఆయన ఇంగ్లండునకును, పిదప అమెరికాకును వెళ్ళిరి. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి లీహై విశ్వవిద్యాలయమున తోళ్ళ రసాయనశాస్త్రములో పరిశోధనము సలిపి డాక్టరు పట్టము గడించిరి. ఆయన విదేశములందుండగనే మన దేశము స్వతంత్రమైనది. 1948లో మద్రాసు నగరమున అడయారునొద్ద కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు పునాది పడినది. నాయుడమ్మగారు తిరిగివచ్చి అందులో చేరిరి.

ఆ సంస్థను నెలకొల్పిన తావు మిక్కిలి అనువైనది. ప్రక్కనే మద్రాసు విశ్వవిద్యాలయమువారి అళగప్ప చెట్టియారు సాంకేతిక కళాశాల యున్నది. తోళ్ళ సాంకేతికవిద్య నభ్యసించు విద్యార్థులు అచట పాఠము విని, ఇచట చేతులు తడుపుకొని పని నేర్చుకొనెడివారు. పరిశోధనశాలలోని పండితులే వారికి బోధకులు. ఈ ఏర్పాటువలన దేశమునందలి తోళ్ళ కార్ఖానాలకు శాస్త్రము తెలిసిన యువకులు ఏటేట లభింపసాగిరి. యంత్రములను కొనవచ్చును గాని, వానిని నడుపగల బుద్ధిని కొనలేము గదా!

విశ్వవిద్యాలయముతోడి పొత్తు వలన కలిగిన మరియొక ఫలమును చెప్పక తప్పదు. తోలునందలి ముఖ్యపదార్థము కొలాజెను అను మాంసకృత్తు. మన చర్మమునందును, ఎముకలయందును, స్నాయువులయందును ఉండునదియు అదియే. దాని అణువు ఏ రూపమున కూర్పబడియున్నదో 1950వ సంవత్సరము నాటికి ప్రపంచమున ఎవ్వరికిని నిశ్చయముగ తెలియదు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు భౌతికశాస్త్రాచార్యుడుగ వచ్చిన జి. ఎన్. రామచంద్రన్ ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. ఆయనకు కావలసిన కొలాజెను నమూనాలు ఇరుగుపొరుగుననే యున్న చర్మ పరిశోధనా సంస్థ నుండి అందినవి. ఎక్సు కిరణములతో వానిని పరీక్షించి, రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులిరువురును 1954లో ఆ రహస్యమును లోకమునకు వెల్లడించిరి. మూడు పేటలు పేనిన త్రాడువలె మూడు గొలుసులు కలిసియుండుటయే కొలాజెను నిర్మాణము. తోళ్ళ దుర్వాసన వచ్చు చోటు నుండి ఇట్టి సూక్ష్మశాస్త్రము పుట్టునని ఎవరనుకొందురు?

1958లో నాయుడమ్మగారు ఆ సంస్థకు డైరెక్టరయిరి. అప్పటి కాయనకు ముప్పదియారు సంవత్సరములు. పదుమూడేండ్లు ఆ పదవిలో నుండిరి. ఆ కాలమున ఆయనకు ఎదురైన కష్టము శాస్త్రమునకు సంబంధించినది కాదు, మనుష్యుల మనస్సులకు సంబంధించినది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట, దిండిగల్లు మొదలగు ఊళ్ళయందు తోళ్ళ కార్ఖానాలు వందలకొలదిగ నుండెను. వాని యజమానులు అనుభవజ్ఞులు. సున్నపుగుంటలో చేయి పెట్టి, నీటి పదును చెప్పగలవారు. అట్టివారికి కోటు తొడుగుకొని వచ్చిన యువకుడు గాజుగొట్టము చూపి బోధింపబోయిన వినుటెట్లు? ఇటు పరిశోధకులకును ఒక గర్వము కలదు. పత్రికలో వ్యాసము పడిన చాలునని తృప్తి చెందుదురు. అది ఎవ్వరికి ఉపయోగపడెనని విచారింపరు.

నాయుడమ్మగారు ఈ రెండు పక్షములవారిని ఒకచోట కూర్చుండబెట్టిరి. సంస్థ ఆవరణములోనే ఒక చిన్న కార్ఖానా నడిపించి, పరిశోధనశాలలో గాజుపాత్రయందు సిద్ధించిన పద్ధతి నిజముగ వంద తోళ్ళపైన సాగునో సాగదో అచటనే తేల్చుటకు వీలు కల్పించిరి. గాజుపాత్రలో గెలిచి, గుంటలో ఓడిన పద్ధతులు పెక్కు. అచట ఓడినను నష్టము సంస్థకే గాని తోళ్ళ వ్యాపారికి కాదు. కనుక వ్యాపారి ధైర్యముతో వచ్చి చూడగలిగెను. తన కార్ఖానాలో వచ్చిన చిక్కును ఎవ్వడైనను తెచ్చి చెప్పవచ్చును. కలకత్తా, కాన్పూరు, జలంధరు వంటి దూరప్రదేశములందు శాఖలు వెలసెను. పరిశోధకులును పరిశ్రమవారును ఏటేట కూడి మాటలాడుకొను సమావేశము ఆ సంస్థలో నెలకొనెను. అది నేటికిని జరుగుచున్నది.

ఈ పొత్తు యొక్క బలము 1970ల దశకమున పరీక్షకు వచ్చినది. అంతవరకు మన దేశము పచ్చితోళ్ళను, సగము పదును చేసిన తోళ్ళను ఓడల కెక్కించి అల్పమైన వెలకు విదేశములకు పంపుచుండెను. అచటివారు వానికి రంగును మెరుగును పెట్టి, చెప్పులుగను సంచులుగను కుట్టి, పెక్కు రెట్ల లాభము గడించెడివారు. తోలు మనది, లాభము వారిది. 1972లో సీతారామయ్యగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ స్థితిని పరిశీలించి, పచ్చితోళ్ళ ఎగుమతిని ఆపవలెననియు, సగము పదును చేసిన వానికి మితి ఏర్పరుపవలెననియు సూచించెను. 1973లో ప్రభుత్వము ఆ మార్గమును త్రొక్కెను. తోళ్ళ వ్యాపారులు భయపడిరి. పూర్తిగ సిద్ధము చేసిన తోలును తయారుచేయుట ఎట్లు? రాకున్న బ్రతుకుదెరువు పోవును గదా! ఆ సమయమున వారి చేయి పట్టుకొన్నది, అంతకు ముందు పదునైదు ఇరువది సంవత్సరములుగ మద్రాసులో కూడబెట్టియుంచిన జ్ఞానమే. విద్య ముందుగ సిద్ధముగ లేకున్నచో ఆ శాసనము వారి కొక శిక్షగనే మిగిలియుండెడిది. పిదప కొలది సంవత్సరములలో సిద్ధము చేసిన తోళ్ళును, చెప్పులును మన ఎగుమతులలో ముఖ్యస్థానము పొందెను.

ఇంతలో నాయుడమ్మగారికి ఇంకను పెద్ద బాధ్యత వచ్చినది. 1971లో ఆయన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టరు జనరలయి ఢిల్లీ వెళ్ళిరి. ఆ ఏటనే భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. దేశమంతటను వ్యాపించిన ప్రయోగశాలలు ఇపుడాయన పర్యవేక్షణము క్రిందికి వచ్చినవి. మద్రాసులో ఒక పరిశ్రమకు చేసిన దానిని ఒక జిల్లాకు చేయరాదా యని ఆయన తలపోసిరి. అందులకు ఎన్నుకొనబడినది మన కరీంనగరు జిల్లా. ఆ జిల్లాలోని వనరు లెవ్వి, అచటి ప్రజల అవసరము లెవ్వి, వానికి ఏ ప్రయోగశాల యందలి ఏ విద్య ఉపకరించును అని పరిశీలించి, శాస్త్రజ్ఞులను పల్లెలకు పంపిరి. ఆ పని అనుకొన్నంత సులభముగ సాగలేదు. తోళ్ళ వ్యాపారికి తన అవసరము తెలియును. పల్లెవాని అవసరమును తెలిసికొనుటకే శాస్త్రజ్ఞునకు కాలము పట్టును. అయినను ప్రయోగశాలల తలుపులు పల్లెవైపు తెరచుట యను ఆలోచన మన దేశమున బలపడుటకు అది తోడ్పడెను.

హైదరాబాదులో హైదరుగూడ, నారాయణగూడ ప్రాంతముల నుండి తార్నాక మీదుగ ఉప్పలు వెళ్ళు విద్యార్థులు త్రోవలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ద్వారమును చూచియుందురు. 1961లో ఎం. ఎస్. కృష్ణన్ అను ప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడు మొదటి డైరెక్టరుగ నడిపిన ఆ సంస్థయు ఈ మండలికి చెందినదే. భూమి లోపలి వేడిని కొలుచుట దాని పనులలో నొకటి. భూమిని త్రవ్వుకొని పోయిన కొలదిని వేడి హెచ్చును. సామాన్యముగ కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల వరకు పెరుగును. భూమి పుట్టినపుడు మిగిలిన వేడియు, శిలలలోని యురేనియము, థోరియము, పొటాసియము రేడియోధార్మిక క్షయము చెందుటవలన పుట్టు వేడియు దీనికి కారణములు. అయితే ఈ వేడిని కొలుచుటకు లోతైన రంధ్రము కావలెను. రంధ్రము త్రవ్వించు ధనము పరిశోధకునకుండదు. గని త్రవ్వువారికి ఉండును. అందువలన హైదరాబాదు శాస్త్రజ్ఞులు కోలారు బంగారుగనులలోను, గోదావరిలోయ బొగ్గుసీమలోను అంతకు ముందే త్రవ్వియుంచిన లోతులలోనికి ఉష్ణమాపకములను దింపి, అచటి శిలలను తెచ్చి పరీక్షించి, లోపలినుండి ఎంత వేడి పైకి వచ్చుచున్నదో లెక్క కట్టిరి. బొగ్గు కొరకు త్రవ్విన గుంట శాస్త్రమునకు కిటికీ అయినది.

ఈ వేడితో విద్యుత్తు పుట్టింపవచ్చునని ఇటలీ దేశమందలి లార్డెరెల్లోలో 1904లోనే రుజువైనది. న్యూజిలాండు 1958లోను, అమెరికా 1960లోను పెద్ద కేంద్రములను నడుపనారంభించినవి. మన దేశమున సుమారు 340 వేడినీటి బుగ్గలు కలవు. స్నానమునకును, తీర్థయాత్రకును ఉపయోగించుటయే గాని, వానియందలి శక్తిని మనము లెక్కింపలేదు. 1966లో ప్రభుత్వము వాని పరిశీలనకై ఒక సంఘమును నియమించెను. 1968లో అది నివేదిక నిచ్చెను. 1973లో పెట్రోలు వెల కొలది నెలలలోనే నాలుగింతలయినపుడు, ఇంధనమును కొని బ్రతుకు దేశములన్నియు ఉలికిపడి తమ కాళ్ళ క్రిందకు చూచుకొన్నవి. ఆ దినములలోనే లడాఖులో సముద్రమట్టమునకు 4,400 మీటర్ల ఎత్తుననున్న పూగా లోయలో గొప్ప ప్రయత్న మొకటి సాగినది.

నాయుడమ్మగారు భూగర్భశాస్త్రజ్ఞులు కారు. పూగా పని ఆయన ఒక్కరిదనుట సత్యము కాదు. కాని ఆయన మండలిని నడుపుచున్న ఆ సంవత్సరములలో, ఆ మండలికి చెందిన ప్రయోగశాలలు ఇతర శాఖలతో చేయి కలిపిన తీరు గమనింపదగినది. భారత భూగర్భ పరిశీలనా శాఖవారు బోర్లు వేసిరి. హైదరాబాదు సంస్థవారు వేడినీరు ఎచ్చట నిలిచియున్నదో భూభౌతిక పద్ధతులచే వెదకిరి. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాలవారు ఆ లోయలో దొరకు వెలిగారమును, గంధకమును ఆ వేడితోనే శుద్ధిచేయుటను పరీక్షించిరి. మిక్కిలి లోతైన బోరు సుమారు 385 మీటర్లు దిగినది. ఉష్ణోగ్రత 140 డిగ్రీల వరకు కానవచ్చెను. ఊపిరి సరిగ అందని ఎత్తున, ఎముకలు కొరుకు చలిలో, నేల చీల్చుకొని ఆవిరి ఎగసినది.

అయినను విద్యుత్కేంద్రము వెంటనే రాలేదు. ఏండ్లు గడచినను ఆ బోర్లు పరీక్షలతోనే నిలిచిపోయెను. కారణము శాస్త్రములోని లోపము మాత్రమే యని నాకు తోచదు. వాణియంబాడిలో తోళ్ళవాడు తలుపు తట్టుచుండెను. పూగాలో తట్టువాడు లేడు. అచట కార్ఖానా లేదు, పట్టణము లేదు, కరెంటు తీగె లేదు. చాంగ్‌పా గొల్లలు తమ మేకలను తోలుకొని వచ్చిపోవు చోటది. విద్యాలయమును ప్రయోగశాలయు సిద్ధముగ నున్నను, ధనము పెట్టి నష్టమున కోర్చి నిలుచు పరిశ్రమ మూడవ చేయిగ కలియకున్న పని సగమున ఆగును. తోళ్ళలో నాయుడమ్మగారు ఆ మూడవ చేతిని మొదటనే పట్టుకొనిరి. భూగర్భోష్ణము విషయమున అట్టి చేయి ఆనాడు మన దేశమున లేకుండెను.

1977లో ఆయన మండలి పదవిని వీడి, తాను పెంచిన చర్మ పరిశోధనా సంస్థకే తిరిగి వచ్చిరి. డైరెక్టరు జనరలుగ నుండినవాడు మరల మద్రాసులో శాస్త్రజ్ఞుడుగ కూర్చుండుట కొందరికి చిన్నతనముగ తోచియుండవచ్చును, ఆయనకు తోచలేదు. 1981, 82 సంవత్సరములలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. ఐక్యరాజ్యసమితి సంస్థలును, పేదదేశముల ప్రభుత్వములును ఆయన సలహాను కోరుచుండుటచే తరచుగ విదేశములకు వెళ్ళవలసి వచ్చుచుండెను.

1985వ సంవత్సరము జూను నెలలో ఆయన కెనడా వెళ్ళిరి. తిరుగు ప్రయాణమున ఎక్కినది కనిష్క యను పేరుగల ఎయిర్ ఇండియా విమానము. జూను 23వ తేదీన ఐర్లండు తీరమునకు చేరువలో, సముద్రముపై ఎగురుచుండగ అందులో బాంబు ప్రేలినది. విమానమందలి 329 మందియు మరణించిరి. నాయుడమ్మగారికి అప్పటికి అరువది మూడేండ్లు నిండలేదు. ఆయన పేర తెనాలిలో ఒక స్మారక సంస్థ వెలసి, ప్రసిద్ధ శాస్త్రజ్ఞులకు బహుమాన మిచ్చుచు వచ్చినది.

భూగర్భోష్ణము కథ ఆయన తరువాత మెల్లగ నడచినది. 2021లో కేంద్ర చమురు సంస్థయగు ఓ.ఎన్.జి.సి. లడాఖు పరిపాలనతో ఒడంబడిక చేసికొని పూగాలో మరల బోర్లు వేయుటకు పూనుకొనెను. మన తెలంగాణమున మణుగూరు చెంత పగిడేరు గ్రామములో, బొగ్గుకొరకు వేసిన బోరు నుండి ఏండ్ల తరబడి వేడినీరు తనంత తానుగ ఉబికి వచ్చుచుండెను. సింగరేణి బొగ్గుగనుల కంపెనీవారు ఢిల్లీలోని శ్రీరామ్ పారిశ్రామిక పరిశోధనా సంస్థతో కలిసి ఆ నీటితో నడుచు ప్రయోగాత్మక విద్యుత్కేంద్రమును అచట నెలకొల్పిరి. ఆ నీరు స్వయముగ యంత్రమును త్రిప్పునంత వేడి కలది కాదు. కనుక తక్కువ వేడికే మరుగు వేరొక ద్రవమును దానితో కాచి, ఆ ఆవిరిచే యంత్రమును త్రిప్పుదురు. దాని సామర్థ్యము 20 కిలోవాట్లు.